వంటింటి అలమర తలుపు

మా బాబాయి వేసిన బొమ్మలన్నిటిలోకీ గొప్పది మా వంటింటి అలమర తలుపు మీద ఉండేది. ఈ మాట నేను ఎన్నిసార్లు అన్నా వినే నాథుడు లేడు. ఆ తలుపు గురించి మా ఇంట్లో ఎవరైనా నోరు విప్పారంటే అది కిర్రుమంటోందనో, గొళ్లెం పడట్లేదనో చెప్పడానికే.

బాబాయి అంటే నాన్న తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "మంచం చిన్నది" అనేవాడు. అది నిజమే. ముందుగదికీ వంటింటికీ మధ్య నడవలో వేసిన మడతమంచమే ఆయన ఆస్తి. పగలంతా బజారులో రంగుల కొట్టులో పని. గోడ పెచ్చు ఒకటి ఊడబీకి తెచ్చి "సరిగ్గా ఈ రంగు కావాలి" అనే వాళ్లకి అదే రంగు డబ్బాలో కలిపి ఇస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు, డబ్బాల అడుగున మిగిలిన రంగులు చిన్న చిన్న సీసాల్లో పోసుకుని తెచ్చుకునేవాడు. వాటిలో టర్పెంటైను కలిపి పల్చగా చేసుకుని, చెక్క ఎక్కడ దొరికితే అక్కడ బొమ్మ వేసేవాడు. పటం గుడ్డ, చట్రం లాంటివి ఆయనకి అలవాటే లేవు. స్నానాలగది తలుపు, బల్ల సొరుగులు, నేను చిన్నప్పుడు కూర్చుని చదువుకున్న పీట, అన్నీ ఆయన చేతిలో పడ్డాయి. నాన్న సైకిళ్లు బాగుచేస్తాడు, బొమ్మల జోలికి పోడు. కానీ తమ్ముడు ఏ చెక్క మీద చెయ్యివేసినా అడ్డు చెప్పేవాడు కాదు. "రంగు పడితే చెదలు పట్టవు" అనేవాడు. మా ఇంట్లో కళకి దక్కిన గౌరవం అదీ.

ఇంతకీ ఏం వేసేవాడంటారా? బకెట్టు. బకెట్టు అంచుకి తగిలించిన చెంబు. గుమ్మంలో విడిచిన చెప్పులు, అందులో ఒకదానికి తెగిన పట్టీ దగ్గర పిన్నీసు. కారకుండా గుడ్డపీలిక చుట్టిన కొళాయి. మూలన నిలబెట్టిన చీపురు. ఎదురుగా ఏది ఉంటే అది, ఉన్నది ఉన్నట్టు. అదొక్కటే ఆయన పద్ధతి. కళ్లముందు లేనిది చచ్చినా వెయ్యడు. అంతటితో ఆగితే బాగుండేది. వేసిన వస్తువు మారితే బొమ్మా మార్చేవాడు. కెటిల్ పిడి విరిగితే ఆ సాయంత్రమే బొమ్మలో కెటిల్‌కీ పిడి తీసేసేవాడు. కొత్త చెప్పులు కొంటే బొమ్మలో పాతవాటి మీదే కొత్తవి వేసేవాడు. అందుకే మా ఇంట్లో ఏ బొమ్మా పూర్తయిన పాపాన పోలేదు.

వీధిలో ఆయన పేరు చీపుర్ల బాబాయి. "ఓ కొండ వెయ్యరాదూ, ఓ సముద్రం వెయ్యరాదూ?" అని పక్కింటావిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. "నేను చూడలేదండీ" అనేవాడు బాబాయి. దూరపు చుట్టం ఒకాయన తన బొమ్మ వెయ్యమని బతిమాలి, మంచి చొక్కా తొడుక్కొచ్చి కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ బాబాయి కళ్లు ఆయన పక్కన ఆనించి పెట్టిన గొడుగు మీదే ఉన్నాయి. చివరికి వేసింది కూడా గొడుగే. గొడుగు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఆ చుట్టం మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

అమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మకి ముక్కు మీద కోపం, చేతినిండా పని. మరిది అంటే ప్రాణం. వేళకి తినకపోతే తిట్టేది, తింటే ఇంకాస్త తినలేదని తిట్టేది. ఆయన బొమ్మల్ని మాత్రం ఏనాడూ ఆగి చూడలేదు. "ఏమయ్యా, చీపురుగారితో కబుర్లు అయ్యాయా? అయితే ఆవిడని ఇలా ఇవ్వు, ఇల్లు ఊడవాలి" అనేది. అలమర తలుపు వంటింట్లో వెలుతురు రాని మూల ఉండేది. దాని మీద మేకు కొట్టి చేతిగుడ్డ తగిలించింది. జిడ్డు పడితే గిన్నెలతోపాటు దాన్నీ తోమేది. ఇల్లంటే అమ్మకి కడగాల్సిన వస్తువు.

కిందటేడు రంగుల కొట్టులో గొడవైంది. ఎవరో మీగడ రంగు అడిగితే బాబాయి లేత పచ్చ కలిపి ఇచ్చాడు. ఒకసారి అయితే పరాకు అనుకోవచ్చు. అదే వారంలో మళ్లీ జరిగింది. నేను నా టైలరు కొట్టులో మిషను కట్టిపెట్టి, తలుపు మూసేసి, ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. కంటి నడుమ చూపు పోతోందనీ, అంచుల చూపు మాత్రం మిగులుతుందనీ, పోయింది ఆపరేషనుతో తిరిగి రాదనీ డాక్టరు చెప్పింది. బాబాయి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. అడిగిందే మళ్లీ మళ్లీ అడిగింది నేనే.

తిరిగొస్తూ దారిలో ఒక అరుగు మీద కూలబడ్డాడు.

"వదినకి చెప్పకు. తెలిసిందంటే పూటకో మందు పట్టుకుని వెంటపడుతుంది" అన్నాడు.

"సరే. నీకేం కావాలి బాబాయ్? చూపు ఉండగానే ఏదైనా చూడాలనుందా? కొండలూ సముద్రాలూ చూపించనా?"

కాసేపు చెప్పులకేసి చూసుకున్నాడు. "నవ్వకూడదు మరి. మనల్ని ఎరగనివాడు ఎవడైనా నా బొమ్మ ముందు ఆగి చూస్తుంటే, పక్కన నిలబడి వాడిని చూడాలని ఉంది. ఒక్కసారి చాలు."

నేను నవ్వలేదు. ఇంతకాలం అంత చిన్న కోరిక కూడా తీరలేదే అని ఒళ్లు మండిపోయింది. కొండలు వేసినవాడికీ గుర్రాలు వేసినవాడికీ దండలు పడతాయి. బకెట్టు వేసినవాడు ఎవరి కంటికీ ఆనడు.

అలాంటి సమయంలో వచ్చింది పటాలావిడ. ఊరి చిత్రశాలలో పాత పటాలు బాగుచేసే ఉద్యోగం ఆవిడది. టర్పెంటైను కోసం రంగుల కొట్టుకొచ్చి, అక్కడి బల్ల సొరుగు మీద బాబాయి వేసిన రంగు డబ్బాల బొమ్మ చూసిందట. చూసి టర్పెంటైను సంగతే మర్చిపోయిందట. మర్నాడు మధ్యాహ్నం బాబాయి అన్నానికొచ్చే వేళకి మా ఇంటికొచ్చింది. స్నానాలగది తలుపు చూసింది, పీట తిరగేసి చూసింది, చివరికి వంటింట్లో అలమర ముందు మోకాళ్ల మీద కూర్చుని ఫోను లైటు వేసింది. చేతిగుడ్డ తీసి పక్కన పెట్టింది. లైటు అంగుళం అంగుళం జరుపుతూ చూసింది.

"ఇది వెయ్యడానికి ఎన్నాళ్లు పట్టిందండీ?" అని అడిగింది బాబాయిని.

"ఇంకా అవలేదండీ" అన్నాడాయన.

వచ్చే వారం చిత్రశాలలో ఒక ప్రదర్శన ఉందట. ఒక చిత్రకారుడు ఆఖరి నిమిషంలో అలిగి తన పటం వెనక్కి తీసుకున్నాడట. ఆ ఖాళీలో ఈ తలుపు పెడతానంది. బాబాయి మొహం చూడాలి అప్పుడు. చిన్నపిల్లాడికి పండు చేతికిచ్చినట్టుంది.

అంతలో అమ్మ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "కుదరదమ్మా."

"తలుపు లేకపోతే ఇబ్బందని తెలుసండీ. కొత్తది పెట్టిస్తాం" అంది పటాలావిడ.

"తలుపు సంగతి కాదు. దాని మీద ఏముందో చూశారుగా? సొట్టపోయిన గిన్నె, పీలికలు చుట్టిన కొళాయి, పిడి లేని కెటిలు. అన్నిటికీ మించి మసిగుడ్డ! కళ్లకు కట్టినట్టు మసిగుడ్డ వేశాడు మహానుభావుడు. మా బతుకు ఇదని మేం ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరైనా వస్తే వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంటాం. ఇప్పుడు నా వంటిల్లు పట్టుకెళ్లి వీధిన పెడతారా?"

"వదిన వద్దంటే వద్దండీ" అన్నాడు బాబాయి, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

బండి ఎల్లుండి వస్తుందనీ, ఆలోపు మనసు మారితే చెప్పమనీ పటాలావిడ వెళ్లిపోయింది. నేను బాబాయి మీద విరుచుకుపడ్డాను.

"నీకు నోట్లో నాలుక లేదా? జన్మకో అవకాశం వస్తే వదిన వద్దంది కదా అని వదిలేస్తావా?"

"వంటిల్లు ఆవిడది తల్లీ. వేసేటప్పుడే అడగలేదు నేను. పట్టుకెళ్లేటప్పుడైనా అడగాలిగా."

ఈ మనిషితో ఎలా వేగాలో నాకు తెలియలేదు. వంటింట్లోకి వెళ్లి, అమ్మ గిన్నెలు తుడుస్తుంటే వెనక నిలబడి, ఇచ్చిన మాట పక్కన పెట్టి చెప్పేశాను. "అమ్మా, బాబాయికి కళ్లు పోతున్నాయి. బాగుపడేవి కావట. తన బొమ్మ ముందు తెలియనివాళ్లు నిలబడితే కళ్లతో చూడాలని ఆయన కోరిక. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చూడలేడు. ఇక నీ ఇష్టం."

అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "అందుకా, మొన్న ఉప్పు డబ్బా ఎదురుగా పెట్టుకుని వెతుకుతున్నాడు" అంది. తర్వాత స్టూలు మీద కూర్చుంది. "నాతో ఎందుకు చెప్పలేదే?" అని నన్ను తిట్టింది, బాబాయిని తిట్టింది, డాక్టరుని తిట్టింది. అన్నీ అయ్యాక "తీసుకెళ్లమను" అంది.

మర్నాడు మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికొచ్చేసరికి వంటిల్లంతా బట్టల సోడా వాసన. అమ్మ నేల మీద బాసింపట్టు వేసుకుని, వేడినీళ్లలో సోడా కలిపి, గిన్నెలు తోమే పీచుతో అలమర తలుపు రుద్దుతోంది. చెమటలు కారుతున్నాయి. పక్కన గిన్నెలో నీళ్లు బురదలా ఉన్నాయి.

"అమ్మా! ఏం చేస్తున్నావు?"

"నలుగురిలోకి వెళ్లేది కదే. ఇంత జిడ్డుతో పంపిస్తే మరిది పరువేం కాను? అంతా వదిలింది గానీ, ఈ మసిగుడ్డ మీద మసి ఒక్కటే వదిలి చావట్లేదు."

ఆ మసి బాబాయి వేసిన మసి. అమ్మకి మసి అంటే మసే, దాన్ని వదిలించడమే తెలుసు. నేను పీచు లాక్కున్నాను. అప్పటికే మసిగుడ్డ ఉన్నచోట అరచేయంత మేర బూడిదరంగు ఊడిపోయి, అడుగున ఏదో పచ్చగా, మసకగా తేలింది. మేం రోజూ చూసిన గుడ్డ అక్కడ లేదు. అమ్మ నా మొహం చూసి, గిన్నెలో నీళ్లు చూసింది. జరిగిందేమిటో అప్పుడు అర్థమైంది ఆవిడకి.

సాయంత్రం బాబాయి వచ్చాడు. తల పక్కకి తిప్పి, కంటి చివర నుంచి తలుపుని చూశాడు. అప్పటికే సూటిగా చూస్తే ఏదీ ఆనేది కాదు. వేలితో ఆ చోటు తడిమాడు. కోప్పడితే బాగుండునని నాకు అనిపించింది.

"ఇదివరకు కూడా కడిగేదానివి వదినా. కాస్త కాస్త పోయేది. మళ్లీ వేసుకునేవాణ్ణి" అన్నాడు.

"ముందే చెప్పి చావొచ్చుగా!" అంది అమ్మ.

"నీ వంటిల్లు నువ్వు కడుక్కుంటుంటే నేనేం చెబుతాను."

సీసాలు తీశాడు. అమ్మ ఇప్పటి మసిగుడ్డ తెచ్చి పొయ్యి పక్కన మేకుకి తగిలించింది. బాబాయి కుంచె ముంచి, గుడ్డకేసి ఒకవైపు నుంచి, ఇంకోవైపు నుంచి తల తిప్పి తిప్పి చూశాడు. చివరికి కుంచె తుడిచి పెట్టేశాడు.

"లాభం లేదు. కనబడని దాన్ని వెయ్యలేను. ఇలాగే వెళ్లనీ."

ఆ పూట అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఇంట్లో అమ్మ గొంతు వినబడకపోతే వీధివాళ్లే వచ్చి ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. అడిగారు కూడా.

పటాలావిడ బండి తెచ్చింది. పోయినచోటు చూసి పెదవి కొరుక్కుంది గానీ "పరవాలేదు" అంది. నాన్న బందులు విప్పి, తలుపు వెనకాల వేలితో కొట్టి చూపించాడు. "చూశారా, ఒక్క చెద లేదు!"

ప్రదర్శనకి నలుగురమూ వెళ్లాం. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పొడవాటి హాలు. ఒక గోడనిండా పరుగెత్తే గుర్రాలు. ఇంకో గోడకి ఎర్రటి సూర్యుడితో సముద్రం, దాని ముందు ఫొటోలు దిగేవాళ్లు. మా తలుపుని కిటికీ పక్కన చెక్క దన్ను మీద నిలబెట్టారు. బాబాయి ఎదురుగా బల్ల మీద కూర్చుని, తల కాస్త పక్కకి తిప్పుకుని ఎదురుచూడడం మొదలుపెట్టాడు. అమ్మ స్తంభం వెనకాల కుర్చీలో, సంచి ఒళ్లో పెట్టుకుని, తలుపు కనబడకుండా కూర్చుంది.

ఒక్కరూ ఆగలేదు. గుర్రాల దగ్గరినుంచి సూర్యుడి దగ్గరికి పోయే దారిలో ఉంది మా తలుపు, అంతే. ఒకాయన బూటు లేసు కట్టుకోవడానికి దాని అంచుకి చెయ్యి ఆనించాడు. ఇంకొకాయన నన్ను పిలిచి, బాత్‌రూమ్ ఇటేనా అని అడిగాడు. ఆ క్షణాన నా చేతిలో కత్తెర లేకపోవడం ఆయన అదృష్టం. ఎవరినైనా చొక్కా పట్టుకుని లాక్కొద్దామని లేచాను. బాబాయి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"పిలిస్తే వచ్చి చూడడం వేరు తల్లీ. పోనీలే. లోపలిదాకా వచ్చింది, చాలు."

చాలదు. ఆయన గొంతులోనే తెలుస్తోంది చాలదని. మూసే వేళవుతోంది. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

అప్పుడు అమ్మ లేచింది. తను చేసిన నష్టం ఎంతో చూసుకోవాలనిపించిందట, తర్వాత చెప్పింది. భయంభయంగా తలుపు ముందుకెళ్లి నిలబడింది. వంటింటి మూల చీకట్లో ఉండే ఆ తలుపు మీద ఇప్పుడు కిటికీలోంచి సాయంకాలపు ఎండ పడుతోంది. అమ్మ సంచి కింద పెట్టి, వంగి, అరచేయంత ఉన్న ఆ పోయినచోటు దగ్గరగా చూసింది.

"ఏమే, ఇలా రా" అంది. మామూలుగా అంది, అంటే హాలంతా వినబడేలా.

వెళ్లాను. బూడిదరంగు ఊడినచోట తేలిన పచ్చదనం ఎండలో స్పష్టంగా పసుపుపచ్చ. దాని మీద తెల్లచుక్కలు. కిందివైపు చిన్న కుచ్చు.

"ఇది నీ గౌనే! నేను కుట్టానే దీన్ని. పొట్టిదైపోయాక మసిగుడ్డ చేశాను." అమ్మ వేలు పక్కకి జరిగింది. అక్కడ గీతంత సందులో నీలం గళ్లు. "ఇది మీ నాన్న చొక్కా. అంతకుముందు ఇదుండేది పొయ్యి దగ్గర. ఓరి నీ అసాధ్యం కూలా, ఏ గుడ్డా వదల్లేదు ఈ మనిషి!"

విషయం అప్పటికి తెలిసింది నాకు. పొయ్యి పక్కన మేకుకి గుడ్డ మారినప్పుడల్లా బొమ్మలో దాని మీద ఇది, దీని మీద ఇంకోటి వేసుకుంటూ పోయాడు. మేం వాడి పారేసిన వస్తువులన్నీ ఆ తలుపులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. సోడా పెట్టి అమ్మే వాటిని పైకి తీసింది.

ఆ తర్వాత అమ్మని ఆపడం ఎవరి తరమూ కాలేదు. మసిగుడ్డ పేరెత్తితే తలకొట్టేసినట్టు అయిపోయే మా అమ్మ, అటుగా పోతున్న ఒకావిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఒక్క నిమిషం. ఇది చూశారా? ఇది మా అమ్మాయి గౌను. ఇదిగో, ఈ అమ్మాయే. ఇప్పుడు ఇలా ఉంది గానీ అప్పట్లో బొద్దుగా ఉండేది." ఆవిడ మొహమాటానికి వంగింది. వంగినావిడ మళ్లీ లేవలేదు. ఎక్కడుందని వెతుక్కుంటూ ఆవిడ భర్త వచ్చాడు. "ఈ కెటిలు పిడి విరగ్గొట్టింది మావారండీ, నేను కాదు" అని అమ్మ ఆయనకి చెప్పింది. నాన్న సూర్యుడి బొమ్మ వైపు తిరిగి నిలబడ్డాడు.

"మా ఇంట్లో కొళాయి అచ్చం ఇంతే. గుడ్డ కూడా ఇలాగే కడతాం" అన్నారెవరో. ఆ మాటకి ఇంకో ఇద్దరు వచ్చారు. గిన్నె సొట్టలో పడ్డ వెలుతురు చూసి ఒక ముసలాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఒకావిడ కొళాయి చివర నీటిబొట్టు దాకా వేలు తీసుకెళ్లి, ముట్టుకోకుండా ఆపేసింది. ముందున్నవాళ్లు ఎందుకు ఆగారో చూద్దామని వెనకవాళ్లు ఆగారు. కాసేపటికి అమ్మ చెప్పడం మానేసింది, ఆవిడ మాట ఎవరికీ అక్కర్లేకపోయింది. వాళ్లంతట వాళ్లే చూస్తున్నారు.

బాబాయి బల్ల మీంచి లేచాడు. గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి తలుపు పక్కన, కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. తలుపుకేసి చూడలేదు. తల పక్కకి తిప్పి, కంటి చివర నుంచి వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. ముసలాయన్ని చూశాడు, వేలు ఆపిన ఆవిడని చూశాడు. ఆయన నీడ తలుపు మీద పడింది.

ముందున్న లావుపాటాయన బొమ్మ మీంచి కళ్లు తిప్పకుండానే విసుక్కున్నాడు. "పెద్దాయనా, కాస్త పక్కకి తప్పుకోండి. బొమ్మ కనబడట్లేదు."

ఆ బొమ్మ వేసిందెవరో చెప్పి వాడి నోరు మూయిద్దామని నేను ముందుకురికాను. బాబాయి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"తప్పుకుంటున్నా బాబూ, తప్పుకుంటున్నా. మీరు చూడండి" అంటూ పక్కకి జరిగాడు. కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, ఇంకా చోటివ్వాలేమోనని ఇంకో అడుగు జరిగాడు.